పాత సరుకు పేరు చెరపనివ్వని కరుణమ్మ గారు

కరుణమ్మ గారు ఇక లేరన్న కబురు కొవ్వూరు నుంచి వచ్చిన క్షణాన నేను రాజమండ్రిలో మా దుకాణం కౌంటరు దగ్గర నిలబడి ఆవిడ మీదే విసుక్కుంటున్నాను. రబ్బరు వాషరు కొనవచ్చిన రైతు ఊరి పేరు చెప్పనంటాడు. ఊరి పేరు కొట్టనిదే కంప్యూటరు బిల్లు ఇవ్వనంటుంది. ఆ నిబంధన ఆవిడ పెట్టించిందే. “ఈవిడ ఆసుపత్రిలో పడుకుని కూడా మన ప్రాణం తీస్తోందయ్యా!” అంటూనే ఫోను ఎత్తాను. అవతల ఆవిడ చెల్లెలి గొంతు. విన్న మాట వెంటనే బుర్రకెక్కలేదు. ఆ రైతుకు వాషరు ఊరికే ఇచ్చి పంపేసి, లోపలికి వెళ్లి కూలబడ్డాను.

వ్యవసాయ మోటార్లు, పంపుసెట్లు, వాటి విడిభాగాలు అమ్మే మా సంస్థలోకి తొంభైల నడుమ కంప్యూటరు అడుగుపెట్టింది. నాటి నుంచి సరుకు, అమ్మకాల సమాచారమంతా కరుణమ్మ గారి ఏలుబడిలోనే ఉండేది. లూథరన్ మిషను బడిపంతులు గారి పెద్దమ్మాయి. పెళ్లి చేసుకోలేదు. రోజూ కొవ్వూరు నుంచి బస్సులో గోదారి వంతెన దాటి వచ్చేవారు. నేను అమ్మకాల మేనేజరును. మా సహోద్యోగం ఆద్యంతం ఒక అవిచ్ఛిన్న వివాదం. గతించినవారి సద్గుణాలనే స్మరించాలన్నది లోకాచారం. నన్ను అన్నిటికంటే వేధించినవి ఆవిడ సద్గుణాలే గనుక ఆ ఆచారంతో నాకు పేచీ లేదు.

కంపెనీలు ఏటా కొన్ని మోడళ్ల తయారీ మానేసేవి. వాటి పేర్లు కంప్యూటరులోంచి తీసేయమని నేను, ససేమిరా వీల్లేదని ఆవిడ. బిల్లు కొట్టబోతే కొత్త మోడళ్ల నడుమ ఆగిపోయినవాటి పేర్లు కలుపు మొక్కల్లా కనిపించేవి. నాట్ల రోజుల్లో ఒకసారి ఆ పేర్ల తికమకలో పోలవరం రైతుకు వేరే మోడలు ఇంపెల్లరు, అదే నీళ్లు తోసే చక్రం, వెళ్లిపోయింది. అది అతని పంపులో పట్టలేదు. మర్నాడు తెచ్చి కౌంటరు మీద ఠపీమని పెట్టాడు. “నీళ్లు పెట్టుకోవలసిన పూట నన్ను బస్సుల్లో తిప్పుతారేంటండీ?” అన్నాడు. నేను తిన్నగా కరుణమ్మ గారి బల్ల దగ్గరికి వెళ్లాను.

“చచ్చిన సరుకుని ఇంకా ఎందుకు మోస్తారండీ? తీసి పారెయ్యండి.”

“మానేసింది కంపెనీ అండి. రైతు మానేశాడా? చేలో తిరుగుతూనే ఉంది కదా! పేరు చెరిపేస్తే దాని మీద అమ్మిన బిల్లులన్నీ తలా తోకా లేకుండా పోతాయి.”

“అయితే నా రైతు ఏమైపోవాలండీ?”

తప్పు ఒప్పుకోవడమనే విద్య ఆవిడకు అబ్బలేదు. కానీ మర్నాటికి ఆగిపోయిన ప్రతి సరుకు పేరు ముందూ ఒక జెడ్ అక్షరం వచ్చి కూర్చుంది. అవన్నీ జాబితా అడుగుకు దిగిపోయాయి. మిగిలిన సరుకు అమ్ముకోవచ్చు, కొత్తగా తెప్పించడానికి మాత్రం కంప్యూటరు ఒప్పుకోదు. ఆ సంగతి నాకు చెప్పలేదు. పేర్లు కనపడక నేను కేకలేస్తుంటే తాపీగా వచ్చి, “దారికి అడ్డం లేకుండా పక్కన కూర్చోబెట్టానండి. గెంటెయ్యలేదు” అన్నారు. ఒక్క మాట ముందే చెబితే ఏం పోయేది!

మార్చి దాటిందంటే మరో యాతన. గడిచిన ఏడాది అమ్మకాలను విడగొట్టి రెండు కాపీలు తీసేవారు. ఒకటి యజమాని గారి బీరువాలో, రెండోది కొవ్వూరులో ఆవిడ ఇంట్లో. ఎందుకండీ ఈ మోత అంటే, “వరద ఏ గట్టెక్కుతుందో గోదారి మనకి చెప్పి రాదు కదండీ” అనేవారు. అంతటితో వదిలితే బాగుండును. వెనకటి ఏళ్ల ఫ్లాపీలు కూడా తెచ్చి, నన్ను కూర్చోబెట్టి, ఏదో ఒక పాత బిల్లు తెరిచి చదివించేవారు. కౌంటరు దగ్గర జనం కేకలేస్తున్నా సరే. “కాపీ అయిందని మిషను చెబితే నమ్మేయడమేనా? తెరుచుకోవాలి, మనం చదవగలగాలి. అప్పుడే దాచినట్టు.” ఫ్లాపీలు పాడవుతున్నాయని అన్నీ సీడీల్లోకి ఎక్కించారు. సాఫ్ట్‌వేరు మారినప్పుడు పాత బిల్లులు కొత్తదాంట్లోనూ కనపడాలని పంతం పట్టారు. నేను యజమాని గారితో మొరపెట్టుకుంటే, “ఆవిడకో దణ్ణం పెట్టి అడిగింది చేసెయ్యవయ్యా, నా వల్ల కాదు” అన్నారు.

రెండువేల సంవత్సరం దాటిన తరువాత ఒక వేసవిలో కంపెనీ నుంచి కబురు వచ్చింది. ఎప్పుడో తయారీ ఆపేసిన ఒక రకం మోటారు స్టార్టరు లోపల ఇన్సులేషను కరిగి, ఇనుప పెట్టెకే కరెంటు వస్తోందట. అమ్మినవన్నీ వెనక్కి తీసుకోమన్నారు. తడి చేను, చెప్పుల్లేని కాళ్లు! యజమాని గారి ముఖం పాలిపోయింది. “ఎప్పుడో అమ్మినవి, ఎవరినని వెతుకుతాం?” అని తక్కిన డీలర్లు గోడకో కాగితం అంటించి ఊరుకున్నారు. కరుణమ్మ గారు సీడీలు తెరిచి, కొన్నవారి పేర్లు ఊళ్లవారీగా తీశారు. వ్యానులో ఎలక్ట్రీషియన్ అప్పారావు, నేను చాలు కదా? కాదు, ఆవిడా ఎక్కారు.

పట్టిసీమ దగ్గర వెంకట్రాజు అనే రైతు అడ్డం తిరిగాడు.

“బంగారంలా తిరుగుతోందండి. చేను ఎండగడతారా ఏంటి?”

“కొత్తది ఊరికే బిగిస్తామండి” అన్నాను.

“అక్కర్లేదండి. కంపెనీవాళ్ల నాటకాలు నాకు తెలుసు.”

ఎంత చెప్పినా వినడు. నాకు ఓపిక నశించి, “పోదాం రండి మేడం గారూ” అన్నాను. ఆవిడ చీర బురదవుతున్నా లెక్కచెయ్యక గట్టు మీద చతికిలబడ్డారు. “మీరూ, మీ ఇంటావిడా ఇక ఆ పెట్టె ముట్టుకోమని మాటివ్వండి. వెళ్లిపోతాను.” వెంకట్రాజు నవ్వి, “ఇదిగో, ముట్టుకుంటున్నా చూడండి” అని చెయ్యి చాపాడు. అప్పారావు ఆ చెయ్యి లాగేసి, పెట్టెకు టెస్టరు ఆనించాడు. టెస్టరు వెలిగింది.

అన్నం క్యారేజీతో అప్పుడే వచ్చిన రైతు భార్య వెలవెలబోయింది. “నిన్న ఈ పెట్టె ముడితే నాకు చురుక్కుమందండి. చెప్పులేసుకున్నాను కదా, కరెంటు కాదులే, ఏ పురుగో కుట్టిందనుకున్నాను.” వెంకట్రాజు తనే వెళ్లి మెయిను ఆపేశాడు.

కొన్ని బిల్లుల మీద మాత్రం ‘క్యాష్’ అన్న ముక్క తప్ప పేరూ ఊరూ లేవు. వాటి కోసం ఆవిడ ఆటోకు మైకు కట్టించారు. చర్చిల్లో ఆదివారం ప్రకటన చేయించారు, గుళ్లలో చెప్పించారు. కొన్ని పెట్టెలు వచ్చాయి. అన్నీ రాలేదు. “పేరు తెలిస్తే వెళ్లేవాళ్లం కదండీ” అన్నారు ఆవిడ. నాతో పోట్లాడకుండా అన్న మాట నాకు తెలిసి అదొక్కటే. అటుపై ఊరూ పేరూ లేనిదే మా కొట్లో మేకు కూడా బిల్లు కాలేదు. జనం తిట్టారు. నేనూ తిట్టాను.

వ్యాధి ముదిరి ఆసుపత్రిలో చేరాక చూడబోయాను. మనిషి సగమైపోయారు. కుశలం అడిగేలోగానే ప్రశ్న: “ఈ ఏడాదిది విడగొట్టారా?”

“ముందు ఆ మందు మింగండి మహాతల్లీ! ఇక్కడ కూడా అదేనా?” అన్నాను.

ఆవిడ నవ్వారు. “మీరు విసుక్కుంటే నాకు నిశ్చింతగా ఉంటుందండి. సరే సరే అనేవాళ్లు నేను కనపడకపోతే మానేస్తారు. మీరు తిట్టుకుంటూనే చేస్తారు.”

కొవ్వూరులో ఆవిడ సమాధి మీద పిడికెడు మట్టి వేసి వచ్చాను. రక్తబంధువు కాదు, మిత్రురాలని కూడా ఏనాడూ అనుకోలేదు. అయినా నా దినచర్యలో సింహభాగం ఆవిడతో పాటే భూగర్భంలో కలిసిపోయింది. ముఖతః ఏనాడూ చెప్పని కృతజ్ఞతను ఈ అక్షరాలతో సమర్పించి, ఆ మొండి ఆత్మకు శిరసు వంచి నమస్కరిస్తున్నాను. ఆవిడ స్థానంలో యజమాని గారు ఇద్దరిని తీసుకున్నారు. బుద్ధిమంతులు. ఏది చెప్పినా “అలాగేనండి” అంటారు, ఒక్కదానికీ అడ్డు చెప్పరు. నాకు భయంగా ఉంది.