వసారాలో మిషన్ నేర్పిన మా మరిది

కొన్నేళ్లుగా జమ్మలమడుగులో ఉంటున్న మా మరిది పోయిన వారం అక్కడి ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఒకప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకున్న పులివెందుల హైస్కూలు అటెండరు మొదటి బస్సుకే ప్రొద్దుటూరు వచ్చి, గడప దగ్గర నిలబడి, "అక్కా, మనల్ని ఇడిసిపెట్టి పోయినాడు" అన్నాడు. నేను కంగారుపడతానని, జ్వరంతో ఆసుపత్రిలో చేరిన సంగతి మా మరిది నాకు తెలియనివ్వలేదట. నిజమే, నాది భయపు మనసు. ఇది రాస్తున్నా ఏది తప్పు రాస్తానో అని గుండె దడగానే ఉంది. అయినా ఆయన గురించి మీకు చెప్పాలి.

అప్పట్లో ఆయన ఇక్కడి కాలేజీలో అటెండరు. గంట కొట్టడం, బల్లలు తుడవడం పని. కాలేజీకి ఫిల్ము చూపించే ప్రొజెక్టరు వచ్చింది గానీ, ముట్టుకుంటే ఏమవుతుందోనని లెక్చరర్లు దాన్ని బీరువాలోనే ఉంచారు. చివరికి మా మరిదిని కర్నూలుకు పంపి నేర్పించారు. ఆయన తిరిగొచ్చేదాకా కరెంటు కొట్టిందేమో, బస్సు బోల్తా పడిందేమో అని నాకు ముద్ద దిగలేదు.

వచ్చాక ఆయన అన్న మాట ఇది: "నాకొక్కనికే తెలిస్తే ఏం లాభం వదినా? నేను జరమొచ్చి పండుకుంటే ఆ పొద్దు పాఠం గూడా పండుకుంటాది."

అప్పటి నుంచి ఆదివారాలు ఆ ప్రొజెక్టరు మిషన్ మా వసారాకు వచ్చేది. జమ్మలమడుగు, పులివెందుల స్కూళ్ల అటెండర్లు నేర్చుకోడానికి బస్సుల్లో వచ్చేవాళ్లు. వెలుతురు రాకుండా కిటికీలకు గోనెపట్టాలు, తెరగా గోడకు మా ఆయన పంచె. నేను వాకిట్లో నీళ్ల బకెట్ పెట్టుకుని కూర్చునేదాన్ని.

"నీళ్లు ఎందుకు వదినా?"

"అంటుకుంటే ఆర్పొద్దూ?"

"కరెంటు మీద నీళ్లు పోస్తే అందరం కలిసే పోతాం. ఇసక పెట్టుకో."

ఇక ఇసుక బకెట్టే పెట్టుకున్నాను.

ఆయన బడికి ఒకటే కట్టుబాటు. మిషన్ తిప్పడం వస్తే చాలదు, సారుచేత తిప్పించడం రావాలి. అందుకని నేర్పేవాడు చేతులు వెనక్కి కట్టుకునే నేర్పాలి. "నీ చెయ్యి మిషన్ మీదుంటే సారు చెయ్యి జేబులో ఉంటాది" అనేవాడు. పులివెందుల అటెండరు వేళ్లు ఊరుకునేవి కావు. ఒకసారి అతని మణికట్లకు మా మరిది తువ్వాలు చుట్టి ముడేశాడు. "దొంగను కట్టేసినట్టు కట్టినావే మామా!" అని అతను నవ్వాడు.

ఒకసారి ప్రిన్సిపాలు గారు కబురు పంపారు. లెక్చరరు తనంతట తాను మిషన్ నడిపి చూపిస్తేనే ఆదివారాల బడి ఉంటుందని, లేకపోతే మిషన్ మళ్లీ బీరువాలోకేనని. మా మరిది రొట్టె తుంచి అట్లాగే కూర్చున్నాడు. "ఈ బడి ఆగిపోతే నేను మళ్లా గంట కొట్టేదానికే వదినా."

ఆ ఆదివారం ప్రిన్సిపాలు గారు వచ్చి మా కుర్చీలో కూర్చున్నారు. సైన్సు లెక్చరరు ఫిల్ము ఎక్కించారు. విత్తనం మొలకెత్తే ఫిల్ము. విత్తనం పగిలి విచ్చుకుంటుండగా బొమ్మ దడదడలాడింది, ఫిల్ము జారి కుప్పగా నేల మీద పడసాగింది. పులివెందుల అటెండరు లేవబోయాడు. మా మరిది కళ్లతోనే కూర్చోబెట్టాడు.

"ఇదేందయ్యా ఇట్లయింది!" లెక్చరరు నుదుటి మీద చెమట.

"మీరే చెప్పండి సార్. ముందు ఏం చేయాల?"

నాకు ఆగలేదు. "చూస్తా నిలబడినావేందప్పా, నువ్వు చెయ్యరాదా!" అని అరిచేశాను.

"వదినా, నువ్వు గూడా చేతులు ఎనక్కి!"

ప్రిన్సిపాలు గారితో సహా అందరూ నవ్వారు. ఆ నవ్వులో లెక్చరరు భయం కూడా పోయినట్టుంది. "ఆపాల," అన్నారాయన, ఆపారు. ఫిల్ము విడదీసి, మిషన్ చక్రాల పళ్లకు తగిలించి, మళ్లీ దీపం వేశారు. మా ఆయన పంచె మీద మొలక తల ఎత్తి రెండాకులు విప్పింది.

"వచ్చే ఆదివారం ఫిజిక్స్ సారును కూడా పంపిస్తానయ్యా" అన్నారు ప్రిన్సిపాలు గారు లేస్తూ.

ఆ తర్వాత ఎంతమంది అటెండర్లు, ఎంతమంది సార్లు మా వసారాలో నేర్చుకుని వెళ్లారో!

ప్రిన్సిపాలు గారు వచ్చిన ఆ ఆదివారం దాకా మిషన్ పెట్టెను మా మరిదే భుజానికెత్తుకుని కాలేజీకి మోసేవాడు. ఆ మధ్యాహ్నం మాత్రం లెక్చరరు ఒక పక్క పిడి పట్టుకున్నారు. "వద్దు సార్, ఎవరన్నా చూస్తే బాగుండదు" అని మా మరిది అన్నా వినలేదు. బంగారు అంగళ్ల వీధిలో, ఆ ఎండలో, ఇద్దరూ నడిచిపోయారు. లెక్చరరు పొడుగు, మా మరిది పొట్టి. పెట్టె మా వాడి వైపుకే ఒరుగుతోంది. ఎక్కడ పడేస్తారోనని నేను వీధిలోనే నిలబడ్డాను. కొంత దూరం పోయాక ఆగారు. పెట్టె కిందికి దించి, ఏదో చెప్పుకుని నవ్వుకున్నారు. పక్కలు మారి, మళ్లీ ఎత్తుకుని, ఈసారి అడుగులో అడుగు కలుపుకుంటూ వెళ్లిపోయారు.