కరెంటు చాలని డిస్కు

ఆవిడను పేటంతా మాస్టరమ్మ అనేది. రెడీమేడ్ బట్టలు ఇమడని వాళ్లకు కొలిచి కత్తిరించి కుట్టడం ఆవిడ వృత్తి. నడుం వంగినవాళ్లు, చక్రాల కుర్చీలో తిరిగేవాళ్లు, ఒక చేయి లేనివాళ్లు వెతుక్కుంటూ వచ్చేవారు. ముప్పై ఏళ్లుగా ఒక్కొక్కరి కొలతకు గీసిన కత్తిరింపు కాగితాలు మడతల దగ్గర చిరిగిపోతుంటే, ఒక్కొక్కటే స్కాన్ చేసి అయిదు యూఎస్‌బీ డిస్కులు నింపింది.

చిక్కల్లా వెతకడంతోనే. ఏది ఏ డిస్కులో ఉందో తెలియక కంప్యూటరులోంచి ఒకటి పీకి ఇంకోటి గుచ్చేసరికి సగం పూట గడిచేది. చూడలేక అల్లుడు ఒక నల్లపెట్టె తెచ్చాడు. ఇంటి వైఫైకి కలిపితే, అందులో దాచినవన్నీ ఇంట్లో ఏ ఫోనులోనైనా కనిపిస్తాయట. డిస్కులను దాని వెనక గుచ్చి సరుకంతా లోపలికి దింపుకోవడమే తరువాయి.

నాలుగు డిస్కులు బుద్ధిగా దిగాయి. అయిదోది మొండికేసింది. డిస్కు చదవడానికి రావడం లేదు, ఫార్మాట్ చేయమంటారా అని తెర మీద ప్రశ్న.

"పాడైనట్టుంది అత్తయ్యా. ఫార్మాట్ చేస్తే డిస్కైనా పనికొస్తుంది," అన్నాడు అల్లుడు.

"చేస్తే లోపలున్నవి?"

"పోతాయి. ఎలాగూ పోయినవేగా."

"పోయాయని ఎవరన్నారు బాబూ? మీరు కాస్త ఆ మౌసు వదలండి."

ఆవిడ వంగి డిస్కు దగ్గర చెవి పెట్టింది. టిక్, టిక్. కాసేపాగి మళ్లీ టిక్. ఓల్టేజి పడిపోయినప్పుడు ఆవిడ మోటారు మిషను కూడా అచ్చం ఇలాగే తిరగబోయి చతికిలపడేది.

"దీనికి జబ్బూ లేదు గిబ్బూ లేదు. కరెంటు చాలడం లేదు."

అల్లుడు నవ్వబోయి ఆగాడు. ఆలోచిస్తే నిజమే, ఆ డిస్కు తిరగాల్సింది పెట్టె ఇచ్చే కొద్దిపాటి కరెంటుతోనే. ఆవిడ అప్పటికే చెప్పులు వేసుకుంది. వీధి చివర కంప్యూటర్ల దుకాణంలో, గోడ ప్లగ్గు నుంచి విడిగా కరెంటు తీసుకునే హబ్బు కొనుక్కొచ్చింది. డిస్కును దానికి, దాన్ని పెట్టెకి కలిపారు. టిక్కుటిక్కు ఆగిపోయింది. డిస్కు సన్నగా గుయ్యిమంది. తెర మీద ఫోల్డర్లు బారులు తీరాయి.

"అత్తయ్యా! అన్నీ ఉన్నాయి!" అల్లుడు కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"ఉండక ఎక్కడికి పోతాయి?" అందే గానీ, కళ్లద్దాలు తీసి రెండుసార్లు తుడుచుకుంది.

ఒక్కచోటే ఉంటే ఆవిడ మనసు ఊరుకోదు. పెట్టెలోవన్నీ ప్రతి సోమవారం ఒక కొత్త డిస్కులోకి కాపీ అయ్యేలా పెట్టించి, దాన్ని పక్కవీధిలో చెల్లెలింట్లో దాచడం మొదలుపెట్టింది.

నెల తిరక్కుండానే ఫోనొచ్చింది.

"మాస్టరమ్మగారూ, గుర్తున్నానా? ఎడమ చేయి లేని పిల్లని. తొమ్మిదేళ్లప్పుడు మీరు కుట్టిన గౌను ఎవరి సాయం లేకుండా నా అంతట నేనే వేసుకునేదాన్ని. ఇప్పుడు లాయర్ని. వచ్చేవారం నా మొదటి కేసు. కోటేమో భుజం మీద నిలవట్లేదు."

"నువ్వా తల్లీ! రేపే వచ్చెయ్."

ఆ గౌనుకు గీసిన కాగితం, మొండికేసిన డిస్కులోంచి వచ్చిన వాటిలోనే నిమిషంలో దొరికింది. ఒళ్లు పెరిగింది గానీ భుజం వాలు అదే. కొత్త కొలతలు వేసి మూడు రోజుల్లో కోటు కుట్టింది.

అద్దం ముందు ఆ అమ్మాయి ఎవరి సాయమూ లేకుండా ఒంటిచేత్తో కోటు తొడుక్కుని బొత్తాలు పెట్టుకుంది. భుజం గీత గీసినట్టు నిలిచింది. గిర్రున ఒక చుట్టు తిరిగి, ఇల్లు అదిరిపోయేలా నవ్వింది. పక్కగదిలోంచి పరిగెత్తుకొచ్చిన అల్లుడికి మాస్టరమ్మ గర్వంగా కోటు చూపించింది.