మొక్కులో మిగిలిన పిలక

మా మేనత్త గురవమ్మకి ఎదురుచెప్పి నెగ్గినవాళ్ళు ప్రత్తిపాడు చుట్టుపక్కల లేరు. నాలుగెకరాల మిరప ఒంటిచేత్తో పండిస్తుంది. బోరులో నీళ్ళు పడితే తలనీలాలిస్తానని పన్నెండేళ్ళ కిందట కోటప్పకొండకి మొక్కుకుంది. నీళ్ళు పడ్డాయి. మొక్కు మాత్రం కోతలయ్యాక, అమ్మకాలయ్యాక అంటూ ఏటా వాయిదా పడింది.

ఈలోగా నడినెత్తిన ఒక కాయ లేచింది. దేవుడు గుర్తుచేస్తున్నాడని అత్తయ్య తీర్మానించింది. ఏళ్ళ తరబడి ఉసిరికాయంత ఉన్నది ఈ ఏడాది నిమ్మకాయంతై, పగిలి, దిండుకి నెత్తురు అంటించింది. డాక్టరు దగ్గరికి పోదామని నేను మొత్తుకుంటే, "మొక్కు తీరిస్తే అదే పోద్దిలేవే. నీ పాఠాలు బళ్ళో పిల్లకాయలకి చెప్పుకో," అంది. నాకు ఒళ్ళు మండింది. అయినా వెంట వెళ్ళాను. ఒంటరిగా పంపితే అక్కడ ఎవరితో తగువు పెట్టుకుంటుందోనని.

కొండమీద గుండ్లు చేసే పిచ్చయ్య ముందు కూర్చుంది. కాయ సంగతి చెప్పలేదు. సగం తల గీసేసరికి ఆయన కత్తి ఆగింది.

"ఇదెన్నాళ్ళ నుంచమ్మా?"

"నీకెందుకయ్యా? నీ పని కానివ్వు."

"నలభై ఏళ్ళుగా తలలు చూస్తన్నా. పుండుపడ్డ గడ్డకి నా కత్తి చాలదు, డాక్టరు కత్తి కావాలి. ఇటునుంచిటే గుంటూరు పోతానని స్వామి మీద ఒట్టేస్తే మిగతా సగం చేస్తా."

"రేపు పోతాలే."

పిచ్చయ్య కత్తి మడిచేశాడు. వెనక వరుసలో జనం గొణుగుతున్నారు. సగం గుండుతో అత్తయ్య పది నిమిషాలు భీష్మించుకుని కూర్చుని, ఆఖరికి ఒట్టేసింది. నేను ఏళ్ళ తరబడి చేయలేని పని ఆయన పది నిమిషాల్లో చేశాడు. కాయ జోలికి పోకుండా చుట్టూ గీశాడు. దాని పక్కన చిన్న పిలక మిగిలింది.

గుంటూరు ఆసుపత్రిలో ముక్క తీసి పరీక్షకి పంపారు. వెంట్రుక కుదుట్లో పుట్టే అరుదైన గడ్డట. చాలామందికి ఊరికే పడి ఉంటుంది, ఏ ఒక్కరికో ఎదురుతిరిగి క్యాన్సరవుతుంది. ఆ ఒక్కరు మా అత్తయ్య. ఆ మాట డాక్టరుచేత రెండుసార్లు చెప్పించుకున్నాను. ఆమె మాత్రం ఆపరేషన్ గది గుమ్మంలో నర్సు ఖుర్షిదాతో బేరం పెట్టింది.

"ఆ పిలక దేవుడిదమ్మా. చెత్తలో పారెయ్యమాక."

"పొట్లం కట్టిస్తానండి. ముందు మీరు పడుకోండి."

అన్నట్టే పొట్లం నా చేతికి వచ్చింది. బయట బెంచీ మీద దాన్ని ఒళ్ళో పెట్టుకుని నాలుగు గంటలు కూర్చున్నాను.

రెండు వారాలకి రిపోర్టు వచ్చింది. గడ్డ అంచులతో సహా వచ్చేసిందని, ఎక్కడికీ పాకలేదని, అయినా మూడు నెలలకోసారి చూపించుకోవాలని డాక్టరు జయదేవ్ చెప్పారు. తొడ చర్మం అతికించిన చోట ఇక జుట్టు రాదన్నారు.

"అయ్యా, ముందే వచ్చుంటే?" అని అడిగింది అత్తయ్య.

"అరగంట పనండి. సాయంత్రానికి ఇంటికెళ్ళిపోయేవాళ్ళు."

అత్తయ్య రిపోర్టు మడిచి సంచిలో పెట్టుకుని లేచింది. మెట్లు దిగుతూ సగంలో ఆగింది.

"కాయ పుట్టినప్పటినుంచీ నాకు భయమేనే," అంది. "డాక్టరు ఏం చెప్తాడోనని దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నా."

నేను చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకోలేదు.