హారం తోమిన శనివారం

మాది వసంత్ కుంజ్. కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్లలో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఏళ్ల తరబడి అదే పని చేసీ చేసీ, ఇంట్లో కూడా నాకు తెలియని సంగతి ఉండదన్న నమ్మకం ముదిరిపోయింది. దాన్ని వదిలించింది మా ఆవిడ హారం.

ఆ ఆదివారం ఘాజియాబాద్‌లో మా ఆఫీసు మిత్రుడి కూతురి పెళ్లి. ముందురోజు పొద్దున్నే మా ఆవిడ గురుగ్రామ్‌లో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్తూ, "బట్టలు ఆరాక తీసి మడత పెట్టండి, చాలు. ఇంకేమీ సర్దకండి," అంది.

ఆ 'చాలు' నాకు గుచ్చుకుంది. పెళ్లికి పెట్టుకోవడానికి తను బీరువాలో తీసిపెట్టుకున్న నగలు బయటికి తెచ్చాను. మామిడి పిందెల హారం, గాజులు, జూకాలు. హారం కాస్త మసకబారినట్టు కనిపించింది. దాన్ని తళతళలాడించి బల్లమీద పెడితే, ఆ నోటితోనే నాలుగు మంచి మాటలు అంటుందని ఆశ.

చిన్నప్పుడు మా అమ్మ నగలు కుంకుడు రసంలో నానబెట్టడం చూశాను. కింద కిరాణా కొట్టుకు వెళ్లాను. కుంకుడుకాయలకు హిందీ మాట తోచక, రెండు చేతులతో తల రుద్దుకుని చూపించాను. కొట్టతను షాంపూ ఇచ్చాడు. చివరికి ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మాయి, "రీఠా, పాపా, రీఠా!" అని అందించింది.

కాయలు నలగ్గొట్టి, వేణ్నీళ్లలో నానబెట్టి, నురగ తీశాను. అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? అమ్మ పద్ధతిని ఇంకాస్త మెరుగుపరచాలనిపించింది. చెంచాడు వంటసోడా వేసి నిమ్మచెక్క పిండాను. గిన్నె బుస్సున పొంగింది. ఆ పొంగు చూసి నేనూ పొంగాను.

మా అమ్మాయి తొంగి చూసింది. తనకు తెలుగంతా అర్థమవుతుంది, జవాబులు మాత్రం హిందీలోనే.

"పాపా, మమ్మీ సే ఏక్ బార్ పూఛ్ లో నా."

"బంగారం తోమడానికి మీ అమ్మను అడగాలా? ఆఫీసులో నన్ను అడక్కుండా ఫైలు కదలదు తల్లీ."

"ఠీక్ హై," అని భుజాలెగరేసి వెళ్లిపోయింది.

పాత టూత్‌బ్రష్‌తో గంటసేపు తోమాను. గాజులు, జూకాలు మెరిశాయి. హారం మాత్రం తోమినకొద్దీ ఎర్రబడసాగింది. మురికేమో అనుకుని ఇంకా గట్టిగా రుద్దాను. పిందెల అంచుల్లో రాగిరంగు తేలింది. కోపం వచ్చింది. తప్పు నాది అయ్యే అవకాశమే లేదు కాబట్టి అమ్మినవాడిదే అయి ఉండాలి. బంగారంలో రాగి కలిపి అంటగట్టాడని తేల్చేశాను. హారం జేబులో వేసుకుని, బజారులో నగలకు మెరుగు పెట్టే ముసలాయన దగ్గరికి వెళ్లాను.

"మమ్మల్ని మోసం చేశారు. ఇందులో రాగి ఎంతుందో కాగితం మీద రాసివ్వండి, కేసు వేస్తాను," అని నా హిందీలో గర్జించాను.

ఆయన భూతద్దం కూడా తీయలేదు. "సాహబ్, యే సోనా థా హీ నహీ. ఇది బంగారమే కాదు, పూత నేనే వేశాను. మీ మేడమ్ పోయినేడాది కూడా తెచ్చి వేయించుకెళ్లారు. ఇప్పుడు ఎవరో గీకేశారు," అన్నాడు.

ఆ ఎవరో నేనేనని చెప్పకుండా, మళ్లీ పూత వేయమని హారం ఆయన చేతిలో పెట్టాను. మెట్రోలో ప్రయాణాలు గుర్తొచ్చాయి. మా ఆవిడ ఆ హారం వేసుకున్నప్పుడల్లా తన ముందు చేతులు చాపి నిలబడి, అటు చూసినవాళ్లందరినీ దొంగలను చూసినట్టు చూసేవాణ్ణి. ఆవిడ తలపైనున్న స్టేషన్ల పట్టీ చదువుకుంటున్న ఒక పెద్దాయనను ఉరిమి చూసి వేరే చోటికి పంపించాను కూడా.

దుకాణం బయటికొచ్చి మా ఆవిడకు ఫోన్ చేశాను.

"హారం..." అన్నాను.

"తోమారా?" అంది.

అవతల అక్కాచెల్లెళ్లిద్దరూ నవ్వడం వినబడింది.

"అసలుది బ్యాంకు లాకర్లో ఉందండీ. భయం లేకుండా తిరగొచ్చని అలాంటిదే ఇంకోటి చేయించాను."

"నాకు చెప్పొచ్చుగా?"

"చెబితే, ఎవరైనా హారం బాగుందనగానే మీరు నిజం ఒప్పేసుకుంటారు. అయినా మీరలా పక్కన కాపలా ఉంటేనే కదా అది బంగారంలా కనబడేది!"

ముసలాయన మంగళవారానికి గానీ ఇవ్వనన్నాడు. పెళ్లికి మా ఆవిడ నల్లపూసలతోనే వచ్చింది. హారమేదని ఎవరో అడిగితే, "మా వారు శుభ్రం చేశారు," అంది. వాళ్లు నన్ను మెచ్చుకున్నారు. నేను భోజనాల వైపు నడిచాను.

హారం తిరిగొచ్చాక తను నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పింది. బంగారానికి గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు, మెత్తటి బ్రష్, తర్వాత పూర్తిగా ఆరబెట్టడం. పూత నగలకు అవేవీ వద్దు. వేసుకుని తీశాక పొడి నూలుగుడ్డతో చెమట తుడిచి, విడిగా పెట్టాలి. తుడిచే పని నాకే ఇచ్చింది.

మొదటి రెండుసార్లు పక్కనే కూర్చుని, నా చేతులనే చూస్తూ ఉంది. మూడోసారి మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్లి కుక్కర్ పెట్టుకుంది. నేను తుడవడం ఆపి కాసేపు అటే చూశాను. సరిగ్గా తుడుస్తున్నానో లేదో చూడడానికి తిరిగి వస్తుందేమోనని ఎదురుచూశాను గానీ, రాలేదు.