గాజుబల్ల కింద తొమ్మిది సిలిండర్లు

మొన్న మస్కట్‌లోని అల్ ఖువైర్‌లో మా అల్లుడి ఆఫీసుకు వెళితే, వచ్చినవాళ్ళు కూర్చునే హాల్లో గాజుబల్ల కింద కాళ్ళకు బదులు ఒక పాత విమానం ఇంజన్ మెరుస్తూ కనిపించింది. గుండ్రంగా పేర్చిన తొమ్మిది సిలిండర్లు, అందులో ఒకదాని అంచు ఎన్నో ఏళ్ళ కిందట నా చేతిలోని స్పానర్ జారిపడి విరిగినది. "డిజైనర్ టేబుల్ మావయ్యా, ఏదో బంగళా సామాను వేలంలో కొన్నారు, బాగుంది కదూ" అన్నాడు అల్లుడు. నేను తలూపాను.

కాకినాడ నుంచి వచ్చి మస్కట్‌లో విమానాల వర్క్‌షాపులో చేరిన కొత్తల్లో నాకు పని నేర్పిన మేస్త్రీది కరీంనగర్. తోడబుట్టినవాళ్ళు లేని నేను ఆయన్ని అన్నా అనే పిలిచేవాణ్ణి. షెడ్డు వెనక చెక్కపెట్టెలో తుప్పుపట్టిన ఆ ఇంజన్‌ను మళ్ళీ నడిపించి, పని నేర్చుకునే ఒమానీ కుర్రాళ్ళ శిక్షణ తరగతికి ఇద్దామని ఆయనే అన్నారు. మా రూములో వాళ్ళంతా మత్రా సముద్రపు ఒడ్డుకు షికారుకు పోతుంటే, మేమిద్దరం రెండేళ్ళపాటు సెలవు రోజైన శుక్రవారాలన్నీ దానికే ఇచ్చాం; అతుకుల్లోంచి నూనె కారకుండా పెట్టే, ఎక్కడా దొరకని గాస్కెట్లను కూడా నేను చేత్తోనే కత్తిరించాను. చివరికి ఒక ఉదయం అది తెల్లటి పొగ కక్కి, దగ్గి, గట్టిగా అందుకుంది. "ఇన్నవా తమ్మీ, పానం పోసుకుంది!" అంటూ ఆయన నన్ను కావలించుకుని ఏడ్చారు.

మా అమ్మాయి పుట్టిందని నెల సెలవు మీద ఊరికి వెళ్ళి వచ్చేసరికి ఇంజన్ ఉండే స్టాండు ఖాళీగా ఉంది, అన్న ఫోర్‌మన్ అయ్యారు. వర్క్‌షాపు పెద్ద సారు తన బంగళాలో బల్లకు ఆధారంగా దాన్ని కావాలన్నారట, గాజు నిలబడేందుకు ఇంజన్ కడుపుకు రంధ్రాలు వేయించారట. ఇక అది ఎప్పటికీ నడవదు. ఎవరు వేశారని అన్నను అడిగాను.

"నేనే ఏసిన. పరాయోడైతే ఖరాబు చేస్తడని" అన్నారు, నా కళ్ళలోకి చూడకుండా.

"నాకొక్క ఫోను చేసుంటే సరిపోయేది కదన్నా" అన్నాను. మర్నాడే వేరే షిఫ్టు అడిగి తీసుకున్నాను. ఆయన ఉద్యోగం మాని ఊరికి పోయే రోజున అందరూ వీడ్కోలుకు వెళితే, నేను డ్యూటీ వంక పెట్టుకుని మానేశాను.

ఇప్పుడు ఇంజన్‌లో లోపమేదో కంప్యూటర్ తెరే చెబుతుంది, చెవి పెట్టి వినేవాళ్ళు లేరు. అదలా ఉంచితే, ఆ తరువాత పాతికేళ్ళలో నా చేతికింద ఎంతోమంది కుర్రాళ్ళు తయారయ్యారు; నాకు తెలిసిన పనంతా వాళ్ళకు నేర్పానే కానీ, సెలవు రోజున ఒక్కణ్ణీ నా పక్కన కూర్చోనివ్వలేదు.