జవాబు అంజిబాబుకి

అల్లవరం దుర్గాభవాని కువైట్‌లో ఇంటిపని చేసిన జీతంతో ఫిల్ము కెమెరా కొనుక్కుంది. సముద్రపు చెమ్మకి లెన్సు బూజు పట్టకుండా దాన్ని గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో దాస్తుంది. ఫిల్ము రోళ్లు ఫ్రిజ్‌లో పెరుగుగిన్నె పక్కన ఉంటాయి. రొయ్యల చెరువు గట్టున పూటంతా నిలబడి, ఊపిరి బిగబట్టి, ఒక్కసారి నొక్కుతుంది. ఒక్కోరోజు అదీ లేకుండా మూత పెట్టి వచ్చేస్తుంది. ఒక్క ఫొటో వృథా అయినా ఆమెకి అన్నం పారబోసినట్టే ఉంటుంది.

మొన్న భవాని మెడలో కెమెరాతో, అంజిబాబు ఆటోలో అమలాపురం స్టూడియోకి వెళ్లింది. సంచీ పట్టుకుని అతనూ లోపలికి వచ్చాడు.

“చెరువు నీళ్లు ఎండకి మెరుస్తుంటే స్లైడు ఫిల్ము మంచిదాండీ, మామూలుదాండీ?” అని భవాని అడిగింది.

స్టూడియో యజమాని అంజిబాబుకేసి తిరిగాడు. “ఈ రోజుల్లో ఫిల్మెందుకండీ?”

“స్లైడులో ఎండ పడ్డచోటు తెల్లగా పోతుందంటారు, నిజమేనాండీ?”

“ఆవిడకి మంచి సెల్‌ఫోన్ కొనిపెట్టండి,” అన్నాడు, మళ్లీ అంజిబాబుతోనే.

“ఆయ్, నేను ఆటో తోలేవాణ్ణండి,” అన్నాడు అంజిబాబు బిత్తరపోయి.

అయినా యజమాని, ఆడవాళ్లకి కెమెరాల సంగతి ఎంత చెప్పినా అర్థం కాదని అతనికే చెప్పుకుపోతున్నాడు. భవాని మొహం జేవురించింది. కెమెరా ఎత్తి, వెలుతురైనా చూసుకోకుండా యజమానిని టక్కున ఫొటో తీసేసింది.

“అదేంటమ్మా, నన్నెందుకు తీసేరు?” అతను మొదటిసారి ఆమె మొహం చూశాడు.

భవాని అంజిబాబు వైపు తిరిగింది.

“అన్నయ్యగారూ, జవాబు మీకు చెబుతాను. ఆయనకి మీరు చెప్పండి.”