ఇరవై నిమిషాలు ఊరికే కూర్చోవడం

ఉదయం ఆరుంబావుకు అల్లవరంలో అమలాపురం బస్సెక్కాను. గుడ్డసంచిలో రెండు చీరలు, బీపీ మాత్రలు, గీతల నోటుపుస్తకం, రెండు పెన్నులు. నేను గట్టిగా నొక్కి రాస్తాను, ఒక పెన్ను చాలదు.

అంగన్‌వాడీలో ముప్పై ఏళ్లు ఆయాగా చేశాను. అక్షరాలు నేర్చింది నలభై ఎనిమిదో ఏట. టీచరమ్మ గోడ మీది చార్టు చూపించి పిల్లలకు చెబుతుంటే, వెనకాల చీపురు పట్టుకుని నేనూ నేర్చుకున్నాను. అంతకుముందు రిజిస్టరులో వేలిముద్రే. మొగుడు ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. పని మానేసి రెండేళ్లయింది. ఇంట్లో రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ, అవీ గిన్నెలతోనే.

అమలాపురంలో ఒక కాలేజీవాళ్లు, చిన్నపిల్లలు ఎలా ఆడుతున్నారో, ఎలా నేర్చుకుంటున్నారో కేంద్రాల్లో కూర్చుని చూసి రాసేవాళ్లు కావాలన్నారు. మూడు రోజులు నేర్పుతారు. మా సముద్రపు ఒడ్డు ఊళ్లకు ఒక్కరినే తీసుకుంటారు. దాన్ని పరిశోధన అంటారట. నాకు దానిమీద మోజేమీ లేదు. మళ్లీ పిల్లల మధ్య కూర్చోవచ్చు, అందుకే బయలుదేరాను.

ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టిక్కెట్టు కొట్టి ఇచ్చాడు, ఆడవాళ్లకు ఉచితం కదా. నా పక్కన రొయ్యల షెడ్డులో పనికి వెళ్లే ఒకావిడ కూర్చుంది. రోజూ ఇదే దారిలో వెళ్లి వస్తుందట.

"ఈ వయసులో సదువుకెల్తన్నారా మామ్మగారూ? మా మనవడు బడంటే మంచం కింద దూరేత్తాడండి."

"వాణ్ణి బయటికి లాగడానికి మీరున్నారు. నన్ను లాగేవాళ్లు లేరు, నేనే వచ్చాను" అన్నాను. ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది.

ఏడింటికి అమలాపురం. బస్టాండు దగ్గర రెండు ఇడ్లీ, టీ ముప్పై అయిదు రూపాయలు. చట్నీ నీళ్లలా ఉంది, అదే మాట హోటలతనికి చెప్పాను. తొమ్మిదిన్నరకు తరగతి. పదకొండు మంది డిగ్రీ చదివిన ఆడపిల్లలు, నేను.

నేర్పే మేడంగారికి ముప్పై అయిదేళ్లుంటాయి. చూసింది రాయాలి, అనుకున్నది రాయకూడదు అన్నారు. "'అలిగింది' అని రాయకండి. మూతి ముడిచింది, గోడవైపు తిరిగింది, అని రాయండి." పిల్లల పేరు రాయకూడదు, నంబరే వేయాలి. తల్లికో తండ్రికో కాగితం చదివి వినిపించి, ఒప్పుకుంటేనే సంతకం తీసుకోవాలి. ఇంతకాలం నేను ఎన్ని కాగితాల మీద వేలిముద్ర వేశానో, ఒక్కటీ ఎవరూ చదివి వినిపించలేదు. ఆఖరి నియమం, చూసే ఇరవై నిమిషాలూ పిల్లలను ముట్టుకోకూడదు, పలకరించకూడదు.

"ముక్కు కారుతుంటేనో?" అన్నాను. అందరూ నవ్వారు.

"దెబ్బ తగిలేలా ఉంటే పట్టుకోండి. ముక్కుకి టీచరుగారు ఉంటారండీ" అన్నారు మేడం.

బస ఆడవాళ్ల హాస్టల్లో. మంచానికి రోజుకు రెండు వందలు. ఆడపిల్లలంతా ఒకే మంచం మీద చేరి ఫోనులో ఏదో చూసుకుంటున్నారు. "తింటారా మామ్మగారూ?" అని ఒకమ్మాయి చిప్స్ పొట్లం చాపి, మళ్లీ అటు తిరిగిపోయింది. మంచిపిల్లే. నేను గోడవైపు తిరిగి పెరుగన్నం తిన్నాను.

రెండో రోజు ఎనిమిదిన్నరకు రాజోలు బస్సు. పి.గన్నవరం మీదుగా వెళ్లి, పదింబావుకు తాటిపాకలో దిగాం. అక్కడినుంచి ఆటో. ఊరి పేరు చెప్పను, రాయకూడదన్నారు. నాకు నాలుగో నంబరు పిల్ల వచ్చింది. నాలుగేళ్లుంటాయి.

"అది మాటాడదండి. ఆళ్లమ్మ కువైట్ ఎల్లి ఆర్నెల్లయింది. వేరే పిల్లని చూసుకోండి" అంది అక్కడి టీచరు.

"ఈ పిల్లనే చూస్తాను" అన్నాను.

అన్నాల వేళ గడియారం పెట్టుకుని మొదలుపెట్టాను. నాలుగో నంబరు రెండు పళ్లేలు తెచ్చుకుంది. ఒకటి తన ముందు, ఒకటి ఎదురుగా పెట్టుకుంది. ఎదుటి పళ్లేన్ని గౌను అంచుతో తుడిచింది. టీచరు రెండింట్లోనూ అన్నం, పప్పు వడ్డించింది. ఎవరూ రాలేదు. నాలుగో నిమిషంలో నావైపు చూసింది. ఆ తర్వాత నేను ఎప్పుడు లేచానో నాకే తెలియదు. ఆ పళ్లెం ముందు కూర్చుని, పప్పన్నం కలిపి ముద్దలు పెడుతున్నాను. పిల్ల మాట్లాడకుండా తింటోంది. మేడం వచ్చి గడియారం ఆపారు.

బయట అరుగు మీద కూర్చోబెట్టి అన్నారు, "నాగరత్నంగారూ, ఇది పనికిరాదండీ."

"పిల్ల తింది కదండీ."

"తిందండీ. మీరు లేకపోతే ఏం చేసేదో ఇక మనకి తెలీదు."

"ఏం చేస్తుంది, ఆకలితో కూర్చునేది."

"అది మీరు చూశారా?"

చేతికి అంటిన పప్పు కొంగుతో తుడుచుకున్నాను.

"రేపొక్కసారి చూద్దామండీ. రేపూ ఇలాగే అయితే మిమ్మల్ని పంపలేను."

తిరుగు బస్సులో ఆడపిల్లలు ముందు సీట్లలో కూర్చున్నారు. నేను వెనక కిటికీ దగ్గర కూర్చుని నా చేతులు చూసుకున్నాను. ముప్పై ఏళ్లు ఇవి ఎవరినీ అడగకుండానే పని చేశాయి.

మూడో రోజు అదే బస్సు, అదే కేంద్రం. కుడిచేతిలో పెన్ను, ఎడంచేయి తొడ కింద. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

పన్నెండు. రెండు పళ్లేలు పెట్టింది. ఎదుటిది తుడిచింది.

పన్నెండూ నాలుగు. నావైపు చూసింది.

పన్నెండూ ఆరు. మళ్లీ చూసింది. నేను పుస్తకంలోకి చూశాను.

పన్నెండూ తొమ్మిది. ఎదుటి పళ్లెం తీసుకుని లేచింది. గోడ దగ్గర కూర్చున్న తొమ్మిదో నంబరు ముందు పెట్టింది. ఆ పిల్ల ఇంకా చిన్నది. "రాయే, సల్లారిపోద్ది" అంది.

అక్కడి టీచరు చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. అదీ రాశాను.

పన్నెండూ పదిహేను. తన గుడ్డులో పచ్చసొన తీసి తొమ్మిదో నంబరుకు పెట్టింది.

ఇరవై నిమిషాలు అయ్యాక లేచి వాళ్ల దగ్గరికి వెళ్లాను. ఇద్దరూ ఎదురెదురుగా మోకాళ్లు ఆనించుకుని తింటున్నారు. నాలుగో నంబరు తలెత్తలేదు. కాసేపు నిలబడి వచ్చేశాను. అది కాగితంలో రాయలేదు, టైము అయిపోయింది.

మేడం రెండుసార్లు చదివారు. "ఇందులో ఒక్క ఊహ కూడా లేదండీ. సోమవారం నుంచి రండి, మీ ఊళ్లు మీకే."

"ఆయ్" అన్నాను.

నాలుగున్నరకు అమలాపురం చేరాను. బస్సులో వైనతేయ నది దాటుతున్నంతసేపూ పళ్లేలే లెక్కపెట్టాను. ఎంతమంది పిల్లల ఎదురుగా నేనే వెళ్లి కూర్చున్నానో. ఇంకో పిల్ల రావాల్సిన చోట ఎన్నిసార్లు నేను ఉన్నానో. ఈ పని నేర్చుకోవడానికి వెళ్లేవాళ్లకు చెబుతున్నాను, గడియారం, నీళ్ల సీసా, రెండు పెన్నులు చాలు. కష్టమంతా చేతులతోనే.

అయిదుంబావుకు అల్లవరం బస్సు. మొదటిరోజు రొయ్యల షెడ్డు ఆవిడే ఎక్కి, నన్ను గుర్తుపట్టి పక్కనే కూర్చుంది.

"పాసయ్యేరా మామ్మగారూ?"

"అయ్యాను."

"మరి మొహం అలాగుందేంటండి? బాధగా ఉందా?"

"అనుకున్నది చెప్పకూడదు, చూసింది చెప్పాలి. ఏం కనబడుతోంది?"

ఆవిడ నావైపు తిరిగి, తీరిగ్గా చూసి చెప్పింది.

"కళ్లు తుడుసుకుంటన్నారండి. సంచీ పక్కసీట్లోంచి తీసి ఒళ్లో పెట్టుకున్నారు, నేను కూర్సోడానికి."

ఒక్క మాట తప్పు లేదు.